గడియారం సెంటర్ బండి మీది గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్: సన్న మంట మీద ఏడు నిమిషాలు

నల్గొండల గడియారం సెంటర్ నుంచి రామగిరి దిక్కు పోతుంటే ఒక శాండ్‌విచ్ బండి ఉంటది, దానికి బోర్డు గిట్ల ఏం లేదు, ఎర్ర గొడుగు ఒకటి, గ్యాస్ పొయ్యి ఒకటి, దాని మీద మందపాటి ఇనుప పెంక ఒకటి. నాలుగు నెలల సంది వారానికి ఒక్కపారన్న పోతున్న, అంటే ఒక్కనాడు తిని రాస్తున్న రివ్యూ కాదిది. గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్ అంటే ఏందో నాకు సరిగ్గ అర్థమైంది ఈ బండి కాడనే, అందుకే జర పెద్దగనే రాస్తున్న, ఓపికతోని చదవుండ్రి.

ముందుగాల్ల రేట్లు చెప్త. ప్లెయిన్ చీజ్ 60 రూపాయలు, ఉల్లిగడ్డ పచ్చిమిర్చి వేస్తే 70, డబుల్ చీజ్ 90. ఇంకా చాక్లెట్ శాండ్‌విచ్, కార్న్ శాండ్‌విచ్ సుత ఉన్నయి గని వాటి గురించి నేనేం చెప్ప, నేను పోయేది ప్లెయిన్ కోసమే.

మొదటిపారి పోయినప్పుడు వాన పడుతుండె, గొడుగు కింద నిలబడి "అన్నా, ఎంతసేపైతది" అంటే "ఏడు నిమిషాలు పడ్తది అన్నా, తొందరుంటే వేరేది ఏదన్న చేసిస్త, చీజ్ ది మాత్రం తొందరల చెయ్య" అన్నడు. ఆ మాట నాకు మస్తు నచ్చింది. బండి మీద అమ్మేటోడు గిరాకికి వచ్చినోన్ని ఆపి ఇట్ల చెప్పుడు నేను ఎక్కడ చూడలే.

ఆయన చేసే తీరు దగ్గరుండి చూడాలె. రెండు బ్రెడ్ ముక్కలు తీసుకుంటడు, బటర్ ముందే బయట పెట్టి మెత్తగ చేసి ఉంచుకుంటడు, చాకు వెనక దిక్కుతోని ఒక్కొక్క ముక్కకు అంచుల దాక, మూలల దాక రాస్తడు, ఎక్కడ తెల్లగ మిగలదు. చానమంది బటర్ ని నడిమిట్ల వేసి పెంక మీద ఒత్తుతరు, అప్పుడు నడుమ నల్లగ, అంచులు తెల్లగ అయితయ్. ఈయన అట్ల చెయ్యడు. బటర్ రాసిన దిక్కు కిందికి పెట్టి, పైన చీజ్ తురిమి పోస్తడు, స్లైస్ పెట్టడు, దిమ్మ చీజ్ అప్పటికప్పుడు తురుముతడు. పైన రెండో ముక్క, బటర్ దిక్కు పైకి. మంట ఎంత సన్నగ పెడతడంటే నీలం మంట పొయ్యి అంచుకు అంటుకొని ఉన్నట్టు ఉంటది. ఇగ ఒక స్టీల్ గంజు తీసి బోర్లిస్తడు.

ఆ గంజు బోర్లిచ్చుడు చూడంగనే నాకు మా అమ్మ సర్వపిండి యాదికొచ్చింది. సర్వపిండి సుత గంతే గదా, గంజు అడుక్కి పిండి ఒత్తి, వేళ్లతోని బొక్కలు పెట్టి నూనె పోసి, మూత పెట్టి సన్న సెగ మీద పెడితే కింద ఎర్రగ కరకర, పైన మెత్తగ ఉడుకుతది. మంట పెంచితే అడుగు మాడుతది, పైన పచ్చిగనే ఉంటది. మా అమ్మ సర్వపిండి పెట్టినప్పుడు పొయ్యి కాడ నుంచి కదిలేది కాదు, చెవి పెట్టి వినేది. ఈ బండాయన సుత వింటడు. బటర్ ల వందకు పదహారు పాళ్లు దాక నీళ్లుంటయ్, ఆ నీళ్లు పోయేదాక పెంక మీద సుయ్ సుయ్ అని చప్పుడొస్తది, చప్పుడు తగ్గిందంటే నీళ్లు అయిపోయినయ్, ఇగ బ్రెడ్ ఎర్రగయ్యే టైం షురువైంది అని. అప్పుడు గంజు తీసి, చాకు మొనతోని ఒక మూల లేపి చూస్తడు, తేనె రంగుంటే తిప్పుతడు, లేకుంటే మల్ల వదిలేస్తడు. తిప్పినంక గంజు పెట్టడు. ఎందుకన్నా అంటే "ఇప్పుడు పెడితే ఆవిరి పట్టి పైన మెత్తబడ్తది" అన్నడు.

నేను వేరేకాడ సుత తిన్న, ఊరు పేరు షాపు పేరు చెప్ప. అక్కడ పెద్ద కరెంటు మెషిన్ ఉండె, పైనుంచి మూత వేసి గట్టిగ నొక్కేది. రెండు నిమిషాలల్ల ఇచ్చిండ్రు. మీద నల్ల గీతలు మంచిగనే పడ్డయ్ గని లోపల చీజ్ సగం గడ్డగనే ఉంది, మిగతా సగం పక్కల నుంచి కారి ప్లేట్ల పడ్డది, బ్రెడ్ అప్పడం లెక్క అణిగిపోయింది. ఎందుకట్ల అయితదంటే, బ్రెడ్ అంటే సగానికి సగం గాలి, గాలి ల నుంచి వేడి మెల్లగ పోతది. బ్రెడ్ మీద ఎరుపు రావాలంటే 140 డిగ్రీలు దాటాలె, లోపల చీజ్ మెత్తబడనీకి 60 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే చాలు. అంటే బయట ఎక్కువ వేడి, లోపల తక్కువ వేడి, గని ఆ తక్కువ వేడి సుత లోపలి దాక పోనీకి టైం ఇయ్యాలె. పెద్ద మంట పెడితే బయటి పని నిమిషంల అయిపోతది, లోపలిది అసలు మొదలే కాదు. సన్న మంట పెడితే రెండు ఒక్కసారి అయితయ్. ఈ శాండ్‌విచ్ ల ఉన్న విద్య అంతా గంతే, మసాలా ఏం లేదు, సీక్రెట్ ఏం లేదు. పిండిలున్న ప్రొటీన్ ముక్కలు, చక్కెరలు వేడికి కలిసి కొత్త వాసనలు, రంగు పుట్టిస్తయ్, బ్రెడ్ ఎర్రబడితే గంత రుచి వచ్చేది అందుకే, ఆ రెండు కలిసే తీరు గురించి 1912ల లూయీ కామీ మయార్ అనే ఫ్రెంచ్ సైంటిస్ట్ రాసిండు. మన జొన్న రొట్టె మీద పడే మచ్చల కమ్మదనం సుత అదే.

ఇప్పుడు చీజ్ గురించి చెప్పాలె, ఇది నాకు సొంత విషయం. మా నాయిన నకిరేకల్ దిక్కు పల్లెల నాలుగు బర్రెలు పెట్టుకొని పాల సెంటర్ కు పాలు పోసేటోడు. చిన్నప్పుడు తెల్లారంగనే క్యాన్ పట్టుకొని నేనే పోయేటోన్ని. అక్కడ గాజు గొట్టంల పాలు, యాసిడ్ పోసి తిప్పి వెన్న శాతం చూసేది, ఆరు ఉంటే ఒక రేటు, ఏడు ఉంటే ఇంకో రేటు. ఒక పాయింటు తగ్గితే మా నాయిన మొఖం మారేది. ఆ వెన్న శాతం అంటే మా ఇంట్ల బువ్వ, నా ఫీజు. అందుకని పాలు లేని దానికి పాల పేరు పెట్టి అమ్మితే నాకు కోపమొస్తది. ఒక బేకరీల చీజ్ శాండ్‌విచ్ తిన్న, నోట్లె జిడ్డుగ అంటుకుంది, చీజ్ వాసనే లేదు. అడిగి ప్యాకెట్ చూస్తే దాని మీద పామాయిల్, స్టార్చ్ అని రాసి ఉంది. దాన్ని అనలాగ్ అంటరు, రూల్ ప్రకారం అసలు దాన్ని చీజ్ అని అమ్మొద్దు. అమ్మెటాయనకు సుత తెలుసో తెల్వదో, నేనైతే మల్ల పోలే. ఈ బండాయన్ని మొదటి రోజే అడిగిన, "అన్నా ఏం చీజ్ వాడ్తవ్" అని, ఆయన ఏం అనుకోకుండ డబ్బా తీసి చూపిచ్చిండు, అమూల్ ప్రాసెస్డ్ చీజ్. పాలతోని చేసింది.

ప్రాసెస్డ్ అనంగనే కొంతమంది మొఖం చిట్లిస్తరు, అది నకిలీ అనుకుంటరు. కాదు. గ్రిల్డ్ చీజ్ కు అదే సరైంది, ఎందుకంటే అది కరిగే తీరే వేరు. మామూలు చీజ్ ల ప్రొటీన్ లను కాల్షియం ఒకదానికొకటి కట్టేసి పట్టుకుంటది, ఎక్కువ వేడి తగిలితే ప్రొటీన్ ముడుచుకొని గట్టిపడి, నూనె బయటికి కారుతది. ప్రాసెస్డ్ చీజ్ ల సోడియం సిట్రేట్ అసొంటి ఉప్పు కలుపుతరు, అది కాల్షియంను లాగేస్తది, ప్రొటీన్ లు వదులై వెన్నను పట్టుకొని ఉంటయ్, అందుకే వేడికి విరగకుండ మీగడ లెక్క జారుతది. ఇది మొదట చేసి చూపిచ్చింది స్విట్జర్లాండ్ వాళ్లు, 1911ల థున్ అనే ఊర్ల వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ అని ఇద్దరు. వాళ్ల బాధ ఏందంటే చీజ్ వేడి దేశాలకు పంపితే తొవ్వల ఖరాబయ్యేది. తర్వాత అమెరికాల జేమ్స్ క్రాఫ్ట్, ఆయన 1903ల షికాగోల గుర్రబ్బండి మీద చీజ్ అమ్ముకుంట మొదలుపెట్టినోడు, 1916ల ప్రాసెస్డ్ చీజ్ కు పేటెంట్ తీసుకున్నడు. మొదటి ప్రపంచ యుద్ధంల అమెరికా సైన్యానికి డబ్బాలల్ల ఇదే పోయింది. ఎండలకు, ప్రయాణానికి ఆగే చీజ్ కావాలె అని పుట్టింది ఇది, నల్గొండ ఎండలల్ల బండి మీద అమ్మేటాయన అదే వాడుడు నాకైతే న్యాయమే అనిపిస్తది.

చాన మంది అడుగుతరు పనీర్ వేసి చెయ్యొచ్చు గదా అని. చెయ్యొచ్చు, బాగుంటది సుత, గని అది గ్రిల్డ్ చీజ్ కాదు, ఎందుకంటే పనీర్ కరగదు. కాగే పాలల్ల నిమ్మరసం పిండి విరగగొడ్తం, ఆ పులుపుకు, ఆ వేడికి ప్రొటీన్ లు గట్టిగ పట్టుకుంటయ్, ఇగ ఎంత కాల్చినా జారవు. చీజ్ కు పాలు తోడుకునేది రెన్నెట్ అనే పదార్థంతోని. మా అమ్మ ఈ సంగతి విని ఒకనాడు చీజ్ ముట్టనన్నది, దూడ కడుపుల నుంచి తీస్తరట గదా బిడ్డా అని. నిజమే, పాతకాలం సంది అట్లనే తీసేది. గని ఇక్కడ దొరికే అమూల్ చీజ్ కు సూక్ష్మజీవులతోని తయారైన రెన్నెట్ వాడ్తరు, ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటది. ఆ చుక్క చూపిచ్చినంకనే అమ్మ తిన్నది. ఇంకో మాట సుత చెప్పిన అమ్మకు. బర్రె పాలతోని పాలపొడి కాదు అని బయటి దేశాల నిపుణులు అన్నప్పుడు గుజరాత్ ల అమూల్ పుట్టిన ఆనంద్ ఊర్ల హెచ్.ఎం. దలాయా అనే పాల నిపుణుడు చేసి చూపిచ్చిండు, 1955ల అక్కడ ప్లాంటు మొదలైంది, ఆ ఊరి పాల రైతుల సంఘం పుట్టింది 1946ల. మా నాయిన అసొంటోళ్ల బర్రె పాలకు విలువ అట్లనే పెరిగింది. ఆ మాట చెప్తుంటే అమ్మ ఏం అనలే, ఇంకో ముక్క తీసుకున్నది.

ఈ శాండ్‌విచ్ ఎవరు కనిపెట్టిండ్రు అంటే ఒక్క పేరు చెప్పరాదు. రొట్టె మీద చీజ్ పెట్టి కాల్చుకునుడు వందల ఏండ్ల సంది ఉన్నదే, పారిస్ హోటళ్లల్ల 1910 ప్రాంతంల క్రాక్ మస్యూ అని హ్యామ్, చీజ్ పెట్టి కాల్చినది పెట్టేటోళ్లు. గని మనం ఇప్పుడు తినే రకం మాత్రం అమెరికాల పుట్టింది, పుట్టనీకి రెండు వస్తువులు కావాల్సొచ్చినయ్. ఒకటి ఈ కరిగే చీజ్, రెండోది కోసిన బ్రెడ్. కోసిన బ్రెడ్ కథ నాకు చాన ఇష్టం. ఓట్టో రోవెడర్ అని అయోవాల ఒకాయన, నగల షాపులు ఉండె ఆయనకు, అవి అమ్మి బ్రెడ్ కోసే మెషిన్ చేసుడు మొదలుపెట్టిండు. మొదట చేసిన మెషిన్, డ్రాయింగులు అన్ని అగ్ని ప్రమాదంల కాలిపోయినయ్. అయినా వదల్లే, మల్ల మొదటి నుంచి చేసిండు. కోస్తే బ్రెడ్ ఎండిపోతది అని బేకరీలోళ్లు ఎవరు తీసుకోకపోతే, కోసి వెంటనే కాగితంల చుట్టే ఏర్పాటు సుత చేసిండు. 1928 జులై 7 నాడు మిస్సోరిల చిల్లికోతి అనే ఊరి బేకరీ మొదటిపారి కోసిన బ్రెడ్ అమ్మింది. మన కిరాణా షాపుల 40 రూపాయలకు తెచ్చుకునే ప్యాకెట్ వెనక గింత కథ ఉన్నది.

ఆ మరుసటి ఏడే ఆర్థిక మాంద్యం వచ్చింది. పని లేదు, పైసల్లేవు, బ్రెడ్ చవక, చీజ్ చవక, మాంసం కొనలేరు. అప్పుడు ఇండ్లల్ల ఒక బ్రెడ్ ముక్క మీద చీజ్ వేసి కాల్చుకునేటోళ్లు, పైన రెండో ముక్క ఉండకపోయేది, దాన్ని చీజ్ డ్రీమ్ అనేది. రెండో ప్రపంచ యుద్ధంల నేవీ ఓడలల్ల వందల లెక్కన చేసి పెట్టిండ్రు, యుద్ధం అయినంక స్కూల్ క్యాంటీన్లకు వచ్చింది, పక్కన టమాట సూప్ తోని. గ్రిల్డ్ చీజ్ అనే పేరు సుత ఎనకనే వచ్చింది, ముందు టోస్టెడ్ చీజ్ అనో, మెల్టెడ్ చీజ్ అనో అనేటోళ్లు. కరువుల పుట్టిన తిండి ఇది. మన దిక్కు గటక, జొన్న రొట్టె పచ్చికారం కరువులల్ల కడుపు నింపినట్టే అది అక్కడ నింపింది. అందుకనే నాకు దీన్ని 300 రూపాయలకు అమ్మేకాడికి పోబుద్ధి కాదు.

మన దేశంల ఇది బొంబాయి తొవ్వ పట్టింది. అక్కడ ఆలుగడ్డ, బీట్‌రూట్, కీర, టమాట, పచ్చ చట్నీ పెట్టి, రెండు రేకుల పిడి టోస్టర్ ల బిగించి బొగ్గుల మీద కాల్చుతరు, చీజ్ పైన తురుముతరు. అది వేరే రుచి, దాన్ని నేను తక్కువ చెయ్య. మన బండాయన సుత అడిగితే పచ్చ చట్నీ రాస్తడు, గని నేనైతే వద్దని చెప్త, చట్నీ నీళ్లకు లోపలి బ్రెడ్ పిండి ముద్దయితది, చీజ్ రుచి కిందపడ్తది. కారం కావాలంటే ఉల్లిగడ్డ పచ్చిమిర్చి వేయించుకోండ్రి, సన్నగ తరిగి చీజ్ తురుముల కలిపేస్తడు, అది మాత్రం బ్రహ్మాండం.

ఇగ తినే ముచ్చట. అయిపోయినంక ప్లేట్ల పెట్టడు, ఒక ఇనుప జాలి మీద అర నిమిషం ఉంచుతడు, ప్లేట్ల పెడితే కింది దిక్కు చెమట పట్టి మెత్తబడ్తది. తర్వాత మూల నుంచి మూలకు కోస్తడు, ఆ కోసే చప్పుడు ఎండు ఆకు తొక్కినట్టు ఉంటది. రెండు ముక్కలు మెల్లగ విడదీస్తే నడుమ చీజ్ సాగుడు తక్కువ, జారుడు ఎక్కువ, పిజ్జా మీద మొజరెల్లా లెక్క దారాలు తీయదు. కొంతమంది దారాలు రాలేదని అసంతృప్తి పడ్తరు, దారాలు కావాలంటే మొజరెల్లా వేయమనుండ్రి, వేస్తడు, గని దానికి ఉప్పు తక్కువ, రుచి చప్పగుంటది. మొదటి బుక్క కరకర, తర్వాత వెన్న ఉప్పన, తర్వాత చీజ్ పులుపు. ఒక ముక్క నిలబడే తినాలె, ఐదు నిమిషాలు ఆగితే చీజ్ మల్ల బిగుస్తది.

లోపాలు చెప్పకపోతే ఇది రివ్యూ కాదు. టమాట సూప్ 30 రూపాయలు, అది పౌడర్ సూప్, తియ్యగుంటది, నాకు నచ్చలే. మన టమాటలు పది ఉడకబెట్టి మిరియాలు వేసి చేస్తే ఎంత బాగుండు, రెండుసార్లు చెప్పిన, "చూద్దాం అన్నా" అన్నడు. కూసోనీకి జాగ లేదు, పెద్దోళ్లను తోలుకపోతే కష్టం. రోడ్డు పక్కన కాబట్టి దుమ్ము ఉంటది, బ్రెడ్ మీద ఎప్పుడు గుడ్డ కప్పి ఉంచుతడు గని చీజ్ తురిమే పీట మీద సుత ఏదన్న కప్పితే మంచిది. ఏడు దాటినంక కాలేజీ పోరగాళ్లు వస్తరు, అప్పుడు పెంక మీద ఒక్కసారి నాలుగే పడ్తయ్ కాబట్టి అరగంట సుత ఆగాల్సొస్తది. అంత రద్దీల సుత మంట పెంచడు, ఒకాయన కోప్పడి పోయిండు నా ముందటనే, ఈయన మాత్రం "రేపు జల్ది రా అన్నా, ఫస్ట్ నీదే పెడ్త" అని మల్ల పని చూసుకున్నడు.

పార్శిల్ అయితే అడిగి కాగితంల కట్టించుకోండ్రి. మామూలుగ కవర్ల పెట్టి ఇస్తడు, కవర్ల ఆవిరికి ఇంటికి పోయేసరికి తడి బట్ట అయితది, ఏడు నిమిషాల కష్టం వేస్ట్. కాగితంల అయితే ఇంట్ల పెంక మీద రెండు నిమిషాలు సన్న మంటల పెడితే మల్ల లేస్తది.

ఇంట్ల చేసుకునేటోళ్లకు నాకు పనికొచ్చినవి చెప్త. నేను మొదట నాన్‌స్టిక్ పెంక మీద ఫుల్ మంటల చేసిన, రెండుసార్లు మాడింది. తర్వాత జొన్న రొట్టెలు చేసే మందం పెంక తీసిన, దాన్ని ముందు సన్న సెగ మీద మూడు నాలుగు నిమిషాలు వేడి చేసి, అప్పుడు పెట్టిన, కుదిరింది. చీజ్ ఫ్రిజ్ ల నుంచి తీసిన వెంటనే పెట్టొద్దు, పావుగంట బయట ఉంచి తురుమాలె, తురుము జల్ది కరుగుతది. చేతితోని లావుగ కోసిన బేకరీ బ్రెడ్ కన్న మామూలు ప్యాకెట్ బ్రెడ్డే మంచిది, మరీ లావుంటే వేడి లోపలికి పోదు. నెయ్యితోని సుత చేసి చూసిన, కరకర బాగనే వస్తది గని బటర్ ల ఉండే పాల పదార్థం ఎర్రబడి ఇచ్చే వాసన రాదు. ఉప్పు వేరే వెయ్యొద్దు, బటర్ లో, చీజ్ లో రెండిట్ల ఉన్నది.

పోయిన వారం అమ్మను తోలుకపోయిన, బండి పక్కన మెకానిక్ షాపాయన స్టూల్ ఇచ్చిండు కూసోనీకి. అమ్మ ఆ గంజు బోర్లిచ్చుడు చూసి బండాయనతోని "సర్వపిండికి పెట్టినట్టు పెట్టినవ్ బిడ్డా" అన్నది. ఆయన నవ్వి "మా అమ్మ కాడనే నేర్సుకున్న పెద్దమ్మా" అన్నడు. 

సాయంత్రం ఐదింటికి బండి పెడతడు, బ్రెడ్ అయిపోతే తొమ్మిది లోపే తీసేస్తడు, ఆదివారం ఉండడు. ఆరున్నర లోపల పోతే ఆగే పని ఉండదు, ఫోన్ పే ఉంది.